అప్‌డేట్: డిటెక్టివ్ కథలో దయ్యాన్ని ఉంచేశాను

రెండు నెలల కింద మిమ్మల్ని ఒక డౌటు అడిగాను. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర దొంగతనం, ఎస్సై విచారణ అంటూ మొదలైన నా కథ సగంలో దయ్యం కథైపోయింది, ఏదో ఒకటి తీసేయాలా అని.

తీసేయలేదు. "దయ్యం సగంలో రావడం తప్పు కాదు, అప్పటిదాకా దాని వాసనే లేకపోవడం తప్పు" అని ఒకరన్న మాట పట్టుకున్నాను. బురుజు కింద నుంచి గద్వాల దాకా సొరంగం ఉందని మా ఊళ్లో చెప్పుకుంటారు కదా. మొదటి పేజీలోనే ఉగ్గాని బండి ఆమె ఎస్సైతో, "రాత్రిపూట ఆ తట్టు అడుగుల సప్పుడు ఇనపడ్తాది సార్" అంటుంది. ఆయన నవ్వి ఇంకో బజ్జీ అడుగుతాడు. అంతే, ఇక పాఠకుడు మోసపోయాననుకోడు.

అయినా మనకిది కొత్తేం కాదు. భేతాళుడు శవంలోంచి మాట్లాడినా, చివరికి విక్రమార్కుడు విప్పాల్సింది చిక్కుప్రశ్నే.

ప్రేమకథ కూడా కలపమన్న సలహా మాత్రం పాటించలేదు, సారీ. ఉగ్గానిలో సేమ్యా కలిపినట్టుంటుంది.

నిన్న మా అక్క చదివి, "దొంగ దొరికినాడు సరే, ఆ అడుగులెవరివిరా?" అంది. దానికి జవాబు రాయాలా వద్దా అని ఇప్పుడు టెన్షన్.