"మాకచ్చియున్న ప్రతివానిని": ఇందులో ఉన్నది కచ్చా, అప్పా?

రాత్రి ప్రార్థనకు ముందు ఇంట్లో బైబిలు పైకి చదువుతాం. మొన్న యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థనలోని లూకా 11:4 మావాడి వంతు వచ్చింది. "మేము మాకచ్చియున్న ప్రతివానిని క్షమించుచున్నాము గనుక మా పాపములను క్షమించుము." వాడు "మా కచ్చి యున్న" అని విరిచి చదివి, "మన మీద కచ్చ పెట్టుకున్నవాళ్లనా నాన్నా?" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నా, నేనూ ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను. అర్థం కూడా బాగానే కుదిరింది మరి! ఈ 'కచ్చి' సంగతి తెలిసినవారు చెప్పండి.

*

అచ్చుతప్పు అయ్యుంటుందండీ. "మాకిచ్చియున్న" కావాలేమో.

*

అచ్చుతప్పు కాదు తమ్ముడూ, అది 'అచ్చు' అనే క్రియే. మాకు + అచ్చియున్న. అచ్చియుండు అంటే బాకీపడి ఉండడం. వాడుకలోంచి దాదాపు పోయింది గానీ తెలుగు బైబిల్లో చాలాచోట్ల ఉంది. మత్తయి 18లో ఒక దాసుడు తోటి దాసుడి గొంతు పట్టుకుని "నీవు అచ్చియున్నది చెల్లింపుము" అంటాడు. నిర్గమకాండంలో పక్కవాడి చేను కాలడానికి కారణమైనవాడు ఆ నష్టాన్ని "అచ్చుకొనవలెను" అని ఉంది. అంటే సొంత చేతిడబ్బుతో పూడ్చాలి. కచ్చకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

లూకా వాక్యంలో తమాషా ఏమిటంటే, దేవుడి దగ్గర మనం చేసినవి 'పాపములు', మనకు ఎదుటివాడిది 'అచ్చియున్నది'. గ్రీకులోనూ ఆ రెండు మాటలూ వేరే. మత్తయి 6:12లో మాత్రం రెండువైపులా ఋణమే: "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." యేసు మాట్లాడిన అరామిక్‌లో 'హోబా' అంటే అప్పు, పాపం కూడా. ఒకే మాట. అందుకే ఆ ప్రార్థన విన్న పల్లెజనానికి అప్పులవాడి మొహం కళ్లముందు కదిలి ఉంటుంది.

*

మా కతోలిక గుడిలో ఇప్పటికీ "మా యొద్ద అప్పుపడిన వారిని మేము క్షమించునట్లు మా అప్పులను మీరు క్షమించండి" అనే చెప్తాం. దేవుడిని 'మీరు' అంటాం, గమనించారా? మా అత్తగారిది ప్రొటెస్టెంట్ కుటుంబం, వాళ్లు 'నీవు' అంటారు, అప్పు బదులు 'అపరాధములు' అంటారు. పెళ్లయిన కొత్తలో ఆ వాక్యం దగ్గరికి రాగానే నేనొక్కదాన్నే వేరే దారిలో పోయేదాన్ని.

*

ఒక సందేహం మాస్టారూ. అప్పును 'క్షమించడం' తెలుగేనా? బ్యాంకువాళ్లు మా అప్పు క్షమించారు అని ఎవరూ అనరే. రుణమాఫీ అంటాం, బాకీ కొట్టేశారంటాం.

*

మంచి ప్రశ్న. సంస్కృతంలో క్షమ అంటే మొదట ఓర్పు. భూమికి కూడా క్షమ అని పేరుంది, అన్నీ మోస్తుంది కాబట్టి. గ్రీకు మాట 'అఫియేమి' అలా మోసేది కాదు, వదిలేసేది. శిష్యులు వలలు విడిచిపెట్టి వెళ్లారన్న చోటా ఇదే క్రియ. క్షమలో కోపాన్ని మింగుకోవడం కనబడుతుంది, అఫియేమిలో పిడికిలి విప్పడం. ఈ లెక్కన 'మాఫీ'యే దగ్గర. అది అరబ్బీ నుంచి వచ్చింది, దాని మూలంలోనూ మన్నింపే ఉంది. హైదరాబాద్‌లో "మాఫ్ కరో" అన్నా, ఊళ్లో రుణమాఫీ అన్నా ఒకటే మాట. అలాగని ప్రార్థనలో "మా బాకీలు మాఫీ చేయుము" అని పెట్టమనను, ఎన్నికల సభలా ఉంటుంది!

*

'అపరాధములు' అనడంలో తప్పులేదు గానీ లెక్క పోతుంది. మత్తయి 18 కథలో గొంతు పట్టుకున్న దాసుడికి అంతకుముందే రాజు వదిలేసిన బాకీ పదివేల తలాంతులు. తలాంతు సుమారు 6,000 దేనారాలు, దేనారం ఒక రోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి. తోటివాడు అతనికి పడ్డది నూరు దేనారాలు, మూడు నెలల పైచిలుకు కూలి. అది కూడా చిన్నదేం కాదు, కూలివాడికి నిజంగా నొప్పే. ఆ నొప్పి లేదని కథ అనలేదు. గొంతు పట్టుకున్నవాడూ దాసుడే, అతని చేతికి చిక్కినవాడు "తోడిదాసుడు" అని మాత్రం ఒత్తి చెప్పింది. నాకు ఆ 'తోడి' అన్న రెండక్షరాల దగ్గరే కథంతా ఉన్నట్టు ఉంటుంది.

*

మరి రోమా 13:8 ఎవరూ ఎత్తలేదేం? "ఒకనినొకడు ప్రేమించుట విషయములో తప్ప మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు." అదే క్రియ. ఈ ఒక్క బాకీ తీరదన్నమాట.

*

అందరికీ వందనాలు. మావాడికి మాకు, అచ్చియున్న అని విడదీసి చెప్పాను. "అయితే అన్న నాకు ఇరవై రూపాయలు అచ్చియున్నాడు" అన్నాడు. క్షమిస్తావా అంటే, ముందు అచ్చుకోమన్నాడు.