మేడ మీద మల్లెకు గ్రీన్ నెట్ కట్టాలా, వద్దా?

విజయవాడ మేడతోట:
మా మేడ మీద ఇరవై రెండు కుండీలున్నాయి. నిరుడు మే ఎండకు మూడు గులాబీలు నిలువునా మాడిపోయాయి. ఆ బాధతో ఈసారి ఏప్రిల్ మొదట్లోనే ఎండను సగం ఆపే 50 శాతం గ్రీన్ నెట్ పందిరిలా కట్టించాను. గులాబీలు, కనకాంబరాలు పచ్చగా ఉన్నాయి. బొండుమల్లెకు మాత్రం ఆకు నిగనిగలాడుతోంది, తీగలు బారెడు సాగుతున్నాయి, మొగ్గ ఒక్కటీ లేదు. నెట్ తీసెయ్యమని మా అత్తగారు, తీస్తే చచ్చిపోతుందని మావారు. మీరేమంటారు?

పల్నాటి పూలతోట:
మీ అత్తగారి మాటే నిజం. మైలవరం వైపు వెళ్లి చూడండి, మల్లె తోటలన్నీ ఆరుబయట, నడినెత్తి ఎండలోనే ఉంటాయి. మల్లె పూసేదే ఎండాకాలం. నీడ పడితే బలమంతా ఆకుకూ తీగకూ పోతుంది. సాగిన తీగల కొసలు తుంచండి, మల్లె కొత్త చిగురు చివరే మొగ్గ తొడుగుతుంది.

ఇంకొక మాట. మేడ మీద ముందు మాడేది మొక్క తల కాదు, వేరు. నల్ల ప్లాస్టిక్ కుండీని మధ్యాహ్నం చేత్తో పట్టుకోండి, లోపలి వేరు సంగతి అర్థమవుతుంది. కుండీలను దగ్గర దగ్గరగా చేర్చి, ఇటుకల మీద పెట్టి, తడిపిన గోనెసంచి చుట్టండి. మట్టి మీద కొబ్బరి పీచో ఎండుటాకులో రెండంగుళాల మందాన పరవండి. నీడ కావాల్సింది కుండీకి.

కూకట్‌పల్లి బాల్కనీ:
నేల మీది మల్లెకూ మేడ మీది కుండీకీ పోలికేంటండీ? నేలలో వేరు చల్లదనం వెతుక్కుంటూ లోతుకు పోతుంది. కుండీలో ఎక్కడికి పోతుంది? పైగా స్లాబు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. ఇలాగే ఎవరో చెబితే నిరుడు మే నెల మధ్యలో నేను నెట్ పీకేశాను. రెండు రోజుల్లో ఆకులు తెల్లబారి, అంచులు కాలి రాలిపోయాయి. మా అమ్మ అంటుకట్టి ఇచ్చిన ఏడేళ్ల మల్లె అది. పువ్వు లేకపోయినా పర్లేదు, మొక్క బతకాలి.

పల్నాటి పూలతోట:
అక్కా, మీ మొక్క పోయినందుకు నిజంగా బాధగా ఉంది. అయితే అది ఎండ వల్ల కాదు, ఒక్కసారిగా తీయడం వల్ల జరిగింది. నీడలో పుట్టిన ఆకు పల్చగా ఉంటుంది, ఎండకు తట్టుకోలేదు. ఆ జాగ్రత్త నేను ముందే చెప్పాల్సింది. మొదట ఉదయం తొమ్మిది వరకే ఎండ చూపించాలి, రెండు రోజులకోసారి గంట పెంచాలి. పది పన్నెండు రోజుల్లో అలవాటు పడుతుంది. స్లాబు వేడి గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అందుకే కుండీ చల్లగా ఉంచమంటున్నాను.

విజయవాడ మేడతోట:
మరి మధ్యాహ్నం తల వాల్చేస్తే నీళ్లు పోయొచ్చా? చూస్తూ ఉండలేకపోతున్నాను.

పల్నాటి పూలతోట:
ముందు మట్టిలో వేలు గుచ్చి చూడండి. రెండంగుళాల లోపల తడి ఉంటే పోయొద్దు. వేరు తాగే నీళ్లకంటే ఆకు నుంచి ఆవిరయ్యేవి ఎక్కువైనప్పుడు తడి ఉన్నా ఆకు వాలుతుంది, సాయంత్రానికి లేస్తుంది. అప్పుడు పోస్తూ పోతే వేరు కుళ్లుతుంది. పొడిగా ఉంటే మాత్రం వేళ చూడకుండా పోయండి. పైపులో మొదట వచ్చే వేడి నీళ్లు బకెట్‌లో పట్టి పక్కన పెట్టండి.

కూకట్‌పల్లి బాల్కనీ:
ఇది నేనూ ఒప్పుకుంటాను. గులాబీల మీద నెట్ అలాగే ఉంచండి, కానీ ఆకు కింద ఎర్రనల్లి, అదే రసం పీల్చే సన్నటి ఎర్ర పురుగు, ఉందేమో చూసుకుంటూ ఉండండి. పొడి గాలికి ఊరికే పట్టేస్తుంది. రెండు రోజులకోసారి పొద్దున్నే ఆకు అడుగున నీళ్లు గట్టిగా చిమ్మితే తగ్గుతుంది. మల్లె విషయంలో మాత్రం నా మాట అదే. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, కుండీలో మొక్క ఎంత? మృగశిర వచ్చాక తీయండి.

పల్నాటి పూలతోట:
మృగశిర వచ్చేసరికి మల్లెల కాలమే వెళ్లిపోతుందక్కా. ఈ రోజు మే 3. రోహిణికి ఇంకా మూడు వారాలుంది. రేపు ఉదయమే మొదలుపెట్టమని నా సలహా.