పై దవడలో ఎముక 4 మి.మీ. లోపే ఉంటే: సైనస్ లిఫ్ట్ మీద చర్చ

పన్నుపోటు

పైన కుడివైపు రెండు దవడపళ్లూ, వాటి ముందరి చిన్న దవడపన్నూ (ప్రీమోలార్) తీయించి చాలా ఏళ్లయిన 58 ఏళ్ల పెద్దాయన కేసు. సీబీసీటీ (దవడల త్రీడీ స్కాన్) రిపోర్టులో పన్ను నంబరు 15 (ప్రీమోలార్) దగ్గర 7.1 మి.మీ., 16 దగ్గర 3.9, 17 దగ్గర 3.2 మి.మీ. ఎముక ఎత్తు ఉందని రాశారు. ఒక డాక్టరు గారు ముందు సైనస్ లిఫ్ట్, అంటే పై దవడ మీది గాలిగది అడుగును లేపి కింద గ్రాఫ్ట్ (ఎముక పెంచే రేణువులు) వేసి, ఆరు నెలలాగి ఇంప్లాంట్లు పెడదామన్నారు. ఇంకొకరు రెండూ ఒకే రోజు అయిపోతాయన్నారు. మూడో చోట లిఫ్టే వద్దు, పొట్టి ఇంప్లాంట్లు చాలన్నారు. ముగ్గురూ చూసింది ఒకటే స్కాన్. ఎవరి మాట పట్టుకోవాలి? షుగరుంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 7.4. బీడీ, సిగరెట్ లేవు. నెలన్నరలో డాలస్ ప్రయాణం ఉంది.

చిగురుకుట్టు

ముగ్గురి మాటలోనూ విషయం ఉంది. ఈ అంకెలు సరిగ్గా హద్దు మీద ఉన్నాయి, అందుకే మూడు రకాల సలహాలు వచ్చాయి.

పై దవడ వెనక భాగంలో పన్ను పోతే ఎముక రెండు వైపులా తరుగుతుంది. చిగురు వైపు ఎముక గట్టు అరుగుతుంది, పైనుంచి సైనస్ గాలిగది కిందికి దిగుతుంది. మధ్యలో మిగిలిన ఎత్తును బట్టే పద్ధతి. 10 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే లిఫ్ట్ ఊసే అక్కర్లేదు. 6 నుంచి 8 ఉంటే ఇంప్లాంట్ రంధ్రంలోంచే సైనస్ అడుగును 3, 4 మి.మీ. పైకి నెట్టవచ్చు. 4, 5 ఉంటే సైనస్ పక్క గోడకు కిటికీ తెరిచి గ్రాఫ్ట్ వేసి, ఇంప్లాంట్ గట్టిగా పట్టితే అదే రోజు పెట్టవచ్చు. 3 చుట్టుపక్కల ఉంటే రెండు విడతలే క్షేమం.

ఒకే రోజు పెట్టాలా వద్దా అన్నది ఎత్తు ఒక్కదానితో తేలదు. ఆ భాగంలో ఎముక మెత్తగా ఉంటుంది కాబట్టి రంధ్రం కాస్త సన్నగా తీసి ఇంప్లాంట్ బిగిస్తారు. కనీసం 15, 20 న్యూటన్ సెంటీమీటర్ల బిగువు రాకపోతే ఆ రోజుకి ఇంప్లాంట్ మానుకోవాలి. వదులుగా పెట్టి వదిలేస్తే ఎముక అతుక్కోదు. ఒక్కోసారి ఇంప్లాంట్ జారి సైనస్‌లో పడుతుంది, దాన్ని తీయడానికి ఇంకో ఆపరేషన్. 17 దగ్గరి 3.2 మి.మీ. చూస్తే నేను రెండు విడతలకే ఓటేస్తాను.

షుగరు 7.4 అంటే ఆపేంత కాదు, ఇంకాస్త దించితే మేలు. 8 దాటితే చాలామంది వాయిదా వేస్తారు. పెద్దాయన్ని ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: ఎముకల బలానికని ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఎప్పుడైనా తీసుకున్నారా? దానివల్ల దవడ ఎముక సరిగా మానకపోవచ్చు. మనవాళ్లు దాన్ని మందుల చీటీలో లెక్కేయరు, డాక్టరు అడిగినా గుర్తురాదు.

స్కాన్‌బల్ల

ఎత్తు ఒక్కటే చూసి రిపోర్టు మడిచేయకండి. ముందు స్కాన్ ఎంతవరకు తీశారో చూడండి. రెండు మూడు పళ్లకు సరిపోయే చిన్న స్కాన్ అయితే సైనస్ పైభాగం తెగిపోతుంది. ముక్కులోకి తెరుచుకునే ద్వారం సైనస్ అడుగు నుంచి దాదాపు 28 మి.మీ. పైన ఉంటుంది. అది తెరిచి ఉందో మూసుకుందో కనబడని స్కాన్ మీద సైనస్ లిఫ్ట్ ప్లాన్ చేయడం సగం పటం పట్టుకుని ఊరు వెతకడమే.

తర్వాత అడ్డుగోడలు. సైనస్ అడుగులోంచి లేచే ఈ ఎముక గోడల్ని అండర్‌వుడ్ 1910లోనే వర్ణించాడు. పావు వంతు నుంచి మూడో వంతు సైనస్‌లలో ఉంటాయి. వాటి అంచున సైనస్ లోపలి పొర గట్టిగా అంటుకుని ఉంటుంది కాబట్టి చిరిగేది ఎక్కువగా అక్కడే. గోడ పెద్దదైతే దానికి ముందొకటి, వెనకొకటి రెండు కిటికీలు తీయాల్సి వస్తుంది. ఓపీజీలో (దవడలంతా చూపే మామూలు ఎక్స్‌రే) ఇవి సరిగా తెలియవు.

కిటికీ తెరిచే పక్క గోడలో నడిచే రక్తనాళం ఎంత ఎత్తులో ఉందో, ఎంత లావుందో కొలిపించండి. గట్టు నుంచి సగటున 16 నుంచి 19 మి.మీ. పైన ఉంటుంది, గట్టు అరిగినవాళ్లలో ఇంకా కిందికి వస్తుంది. 15 ప్రాంతంలో సైనస్ అడుగు ఇరుకుగా, రెండు గోడల మధ్య కోణం 30 డిగ్రీల లోపు ఉంటే పొర చిరిగే అవకాశం బాగా ఎక్కువ. ఈ కోణం రిపోర్టులో రాయరు, అడ్డుకోత బొమ్మల్లో డాక్టరే చూసుకోవాలి.

ముక్కుసూటి

ఈఎన్‌టీ వైపు నుంచి ఒక మాట. సైనస్ పొర మామూలుగా 1 మి.మీ. లోపే ఉంటుంది. స్కాన్‌లో కొంచెం మందంగా కనబడ్డంత మాత్రాన కంగారు అక్కర్లేదు. అడుగున గుండ్రంగా, చిన్నగా కనిపించే నీటితిత్తి కూడా చాలాసార్లు అడ్డం కాదు. పొర చుట్టూరా లావెక్కి, ద్వారం మూసుకుపోయి, సగానికి పైగా సైనస్ నిండి ఉంటేనే ముందు మా దగ్గరికి పంపాలి.

ఒకవైపే నిండిన సైనస్ కనబడితే మాత్రం ముక్కు మందులు మొదలుపెట్టే ముందు ఆ వైపు మిగిలిన పళ్ల వేళ్లు చూడండి. పక్క పన్ను వేరు చివర చీము ఉంటే పైన పొర ఉబ్బుతుంది. ఆ పన్నుకు రూట్ కెనాల్ చేసో, తీసేసో కొన్ని నెలలాగితే పొర దానంతటదే పలచబడుతుంది. దాన్ని అలాగే ఉంచి పక్కనే గ్రాఫ్ట్ వేస్తే చీము గ్రాఫ్ట్‌కి ఎక్కుతుంది.

దవడపని

కిటికీ పద్ధతిలో ఏం జరుగుతుందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది. మామూలుగా స్థానిక మత్తే చాలు. గట్టు మీద కాస్త అంగిలి వైపుగా కోసి చిగురు లేపుతారు. కిటికీ కింది అంచు సైనస్ అడుగుకి 2, 3 మి.మీ. పైన ఉండాలి. మరీ పైన తెరిస్తే అడుగు నుంచి పొర విడదీయడం చేతికి అందదు. వజ్రపు బర్‌తోగానీ (గిర్రున తిరిగే కొన) పీజోతోగానీ (ప్రకంపనలతో కోసే పరికరం) ఎముక పలచన చేస్తూ పోతే లోపల నీలిరంగు మెరుస్తుంది. అదే పొర, గుడ్డు పెంకు లోపలి పొరంత నాజూకు. పీజో కొన ఎముకను కోస్తుంది కానీ పొరనూ రక్తనాళాన్నీ అంత సులువుగా కోయదు, కాకపోతే నెమ్మది. దానితోనూ నొక్కితే చిరుగుతుంది, ఆ ధీమా వద్దు.

తర్వాత పొరను ముందు అడుగు నుంచి, ఆపైన ముందు వైపు నుంచి, చివరగా లోపలి గోడ మీదుగా పైదాకా లేపాలి. పరికరం అంచు ఎముకను వదలకూడదు, గాల్లో తిప్పితే చిరుగు ఖాయం. బయటి సగమే లేపి గ్రాఫ్ట్ నింపేయడం తరచుగా జరిగే పొరపాటు. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో ఎముక నిండుగా కనిపిస్తుంది, ఇంప్లాంట్ అంగిలి వైపు మాత్రం ఖాళీ. పొర బాగుంటే రోగి ఊపిరితో పాటు కదులుతుంది.

పొర చిరగడం ఇందులో అతి మామూలు చిక్కు, సగటున ఐదింట ఒకదానిలో జరుగుతుంది. 5 మి.మీ. లోపు చిరిగితే చుట్టూ ఇంకాస్త లేపి, కొల్లాజెన్ (జంతువుల నుంచి తీసిన ప్రొటీన్) పొరో పీఆర్‌ఎఫ్ (సొంత రక్తంతో చేసిన) పొరో పరిచి పని కొనసాగిస్తాం. 5 నుంచి 10 అయితే పెద్ద కొల్లాజెన్ పొర, వీలైతే కుట్టు. అంతకు మించితే చిగురు మూసి, రెండు మూడు నెలలాగి మళ్లీ రావడం మంచిది. "చిరిగితే ఆపేస్తారా?" అని ముందే అడగండి. "మాకెప్పుడూ చిరగదు" అన్న జవాబు వస్తే ఇంకో చోట కూడా చూపించండి.

గ్రాఫ్ట్‌ను కూరినట్టు గట్టిగా నింపకూడదు, రేణువుల మధ్య రక్తనాళాలు పెరగడానికి సందు ఉండాలి. మొత్తం ఎత్తు 12 నుంచి 14 మి.మీ. వస్తే చాలు. ఇంకా పైకి నింపితే ద్వారానికి దగ్గరై నీరు బయటికి పోదు. చివర్లో కిటికీ మీద అన్నివైపులా 2 మి.మీ. దాటేలా కొల్లాజెన్ పరిచి 4-0 లేదా 5-0 దారంతో కుడతారు. 10 నుంచి 14 రోజులకు కుట్లు తీస్తారు.

గోదారిగట్టు

> గ్రాఫ్ట్‌ను కూరినట్టు గట్టిగా నింపకూడదు

అసలు గ్రాఫ్ట్ అంటే ఏమిటి? ఆవు ఎముక అని విని ఇంట్లో పెద్దలు వెనక్కి తగ్గుతున్నారు.

చిగురుకుట్టు

న్యాయమైన ప్రశ్న, సంతకం పెట్టకముందే అడగాల్సిందే. ప్రపంచమంతా ఎక్కువగా వాడే బయో-ఆస్ ఆవు ఎముక నుంచి తీసిన ఖనిజం. మాంసకృత్తులన్నీ తీసేసి ఖనిజం మాత్రమే మిగులుస్తారు. అది కరగడం చాలా నెమ్మది కాబట్టి నింపిన ఎత్తు నిలుస్తుంది. వద్దనుకుంటే బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్, హైడ్రాక్సీ అపటైట్ కలిపిన కృత్రిమ రేణువులున్నాయి. ఉత్త ట్రైకాల్షియం ఫాస్ఫేట్ త్వరగా కరుగుతుంది, ఎత్తు కాస్త కుంగుతుంది, కలిపినదే మేలు. పైన కప్పే కొల్లాజెన్ సంగతి చాలామంది మరిచిపోతారు. బయో-గైడ్ పంది నుంచి వస్తుంది. ఆవు, చేప నుంచి తీసినవీ దొరుకుతాయి. రేణువులకో, పొరకో ఒకదానికే ఒప్పుకుని రెండోది అడగకుండా వచ్చేవాళ్లే ఎక్కువ.

పీఆర్‌ఎఫ్ మన రక్తమే. ఏ మందూ కలపని 10 మి.లీ. గొట్టాల్లో తీసి వెంటనే 2700 ఆర్‌పీఎం మీద 12 నిమిషాలు తిప్పుతారు. ఆలస్యమైతే గొట్టంలోనే గడ్డకట్టి పొర సరిగా రాదు. చిరుగు మూయడానికి, గాయం మానడానికి పనికొస్తుంది. అదే ఎముక గ్రాఫ్ట్ అని విడిగా బిల్లు వేస్తే మాత్రం ప్రశ్నించండి.

బిల్లు మాటొచ్చింది కాబట్టి: రేణువులు సీసాల్లో గ్రాముల లెక్కన వస్తాయి. సన్న రేణువు 1 గ్రాము దాదాపు 2 సీసీ నింపుతుంది. రెండు మూడు ఇంప్లాంట్ల కిటికీకి 2 నుంచి 4 సీసీ పడుతుంది. "గ్రాఫ్ట్ చార్జీ" అని ఒక్క ముక్క రాస్తే ఎన్ని గ్రాములు, ఏ కంపెనీ అని అడగండి.

ముక్కుసూటి

ఆపరేషన్ తర్వాత మూడు వారాలు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. నోరూ ముక్కూ మూసి తుమ్మితే ఆ ఒత్తిడికి గ్రాఫ్ట్ రేణువులు లేచిపోతాయి. నశ్యం అలవాటున్నవాళ్లు ముందే మానాలి. కపాలభాతి, భస్త్రిక, జలనేతి, శంఖం ఊదడం అన్నీ కనీసం నెల రోజులు పక్కనపెట్టండి. ఇవి కాగితం మీద రాసివ్వరు కానీ మన దగ్గర ఇవే అసలు సమస్య. కొబ్బరిబోండాం స్ట్రాతో పీల్చకుండా గ్లాసులో పోయించుకోండి.

మొదటి ఒకటి రెండు రోజులు ఆ వైపు ముక్కులోంచి కొద్దిగా రక్తం రావడం సహజం. చెంప వాపు రెండో మూడో రోజుకి పెరిగి తర్వాత తగ్గుతుంది. తల కింద రెండు దిళ్లు పెట్టుకోండి. మొదటి రోజే 15 నిమిషాల చొప్పున ఐసు పెట్టాలి, తర్వాత లాభం లేదు. ఆక్సీమెటాజోలిన్ చుక్కలు ఇస్తే ఐదు రోజులు దాటించొద్దు, ముక్కు దానికి అలవాటుపడి ఇంకా మూసుకుంటుంది. యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపకండి.

వారం తర్వాత ఒకవైపే చెడువాసనతో చీమిడి, వంగితే బుగ్గ బరువు, ముక్కులోంచి ఇసుకలాంటి రేణువులు. వీటిలో ఏది కనిపించినా మామూలు జలుబనుకుని ఊరుకోకండి, అదే రోజు సర్జన్‌కి ఫోన్ చేయండి. ముదిరితే గ్రాఫ్ట్ మొత్తం తీసేయాల్సి వస్తుంది.

ఉత్తరాంధ్ర_పళ్లు

శ్రీకాకుళం, విశాఖ తీరాన అడ్డపొగ తాగే పెద్దమ్మలకు ఒక ముక్క: నిప్పు నోటి లోపల ఉంటుంది కాబట్టి అంగిలి తెల్లగా, మందంగా మారి ఉండొచ్చు. ఇంప్లాంట్ ఆలోచన తర్వాత, ముందు ఆ అంగిలి చూపించి అనుమానముంటే చిన్న ముక్క తీసి పరీక్ష చేయించండి. పొగ ఏదైనా గ్రాఫ్ట్‌కి శత్రువే.

డాలస్_దోస

విమానం సంగతి ఎవరూ చెప్పలేదు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6 నుంచి 8 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. వాచిన ద్వారంతో ఎక్కితే దిగేటప్పుడు సైనస్ పోటు, రక్తం. కనీసం రెండు వారాలు, కిటికీ పద్ధతైతే మూడు నాలుగు ఆగడం మంచిది. పన్నుపోటు గారి లెక్కలో నెలన్నర ఉంది, గ్రాఫ్ట్ విడత ఒక్కటే ఇప్పుడు చేయించుకుని వెళ్లవచ్చు. సెలవుల్లో వచ్చి లిఫ్ట్, ఇంప్లాంట్, క్యాప్ అన్నీ ముగించుకుపోదామన్నది మాత్రం కుదరదు. గ్రాఫ్ట్ గట్టిపడడానికి 6 నుంచి 9 నెలలు, ఆపైన ఇంప్లాంట్ అతుక్కోవడానికి ఇంకో 3 నుంచి 6.

పన్నుపోటు

మరి మూడో డాక్టరు గారి పొట్టి ఇంప్లాంట్?

దవడపని

6 మి.మీ. ఇంప్లాంట్‌కి కూడా 6 మి.మీ. ఎముక కావాలి కదండీ. ఐదేళ్ల దాకా చూసిన పోలికల్లో పొట్టివీ, లిఫ్ట్ చేసి పెట్టిన పొడుగువీ దాదాపు సమానంగానే నిలిచాయి. 15 దగ్గర 7.1 ఉంది కాబట్టి అక్కడ సరిపోతుంది. 16, 17 దగ్గర 4 కూడా లేదు.

రంధ్రంలోంచి నెట్టే పద్ధతి సమ్మర్స్ 1994లో చెప్పింది. 16 దగ్గర దాన్ని కొందరు ప్రయత్నిస్తారు, కానీ లోపల పొర చిరిగినా కంటికి కనబడదు. సుత్తి దెబ్బలతో చేసే పాత పద్ధతిలో కొందరికి మర్నాడు పక్కకి తిరిగితే గిర్రున కళ్లు తిరుగుతాయి. చెవిలోని రేణువులు కదలడం వల్ల వచ్చేది అది, ఎప్లీ పద్ధతిలో తల తిప్పిస్తే సర్దుకుంటుంది. బీపీ అనుకుని మాత్రలు మింగక్కర్లేదు.

చిగురుకుట్టు

ఇంకొక్కటి. లిఫ్ట్ ఎముకను పైకే పెంచుతుంది. గట్టు కింది నుంచి బాగా అరిగిపోయి ఉంటే క్యాప్ పొడుగ్గా వస్తుంది, సందులో అన్నం ఇరుక్కుంటుంది. కింది పన్ను పైకి లేచి ఉంటే అసలు క్యాప్‌కి చోటే ఉండదు, కనీసం 7 మి.మీ. కావాలి. స్కాన్‌తో పాటు రెండు దవడల అచ్చులూ తీసి చూడమనండి. అడ్డంగా కూడా 4 మి.మీ. లావు ఇంప్లాంట్‌కి 7 మి.మీ. వెడల్పు ఉండాలి.

డాలస్_దోస

గ్రాఫ్ట్ సీసా మీద, కొల్లాజెన్ పెట్టె మీద, ఇంప్లాంట్ ప్యాక్ మీద బ్యాచ్ నంబరున్న స్టిక్కర్లు ఉంటాయి. వాటిని అడిగి తీసుకుని, స్కాన్ డైకామ్ ఫైలుతో (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైలు) పాటు దాచుకోండి. రేపు ఇక్కడ అమెరికాలో క్యాప్ వదులైనా, స్క్రూ విరిగినా ఏ కంపెనీ, ఏ సైజు అన్నది తెలియకపోతే ఇక్కడి డాక్టరు ముట్టుకోరు.