మనుషులతో పని చేయించడం ఫౌండరే నేర్చుకోవాలా, మేనేజర్‌ని పెట్టుకుంటే సరిపోతుందా?

నల్లగొండ_బత్తాయి:
మిర్యాలగూడ రైస్ మిల్లుల కోసం ధాన్యం తూకాలు, బస్తాల స్టాకు లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ఆఫీసు నల్లగొండలోనే, టీం పది మంది లోపే. మా పార్ట్‌నర్ కోడింగ్‌లో దిట్ట, కానీ జీతం గురించో, పని సరిగ్గా రావట్లేదనో ఎవరితోనైనా కూర్చుని మాట్లాడాల్సి వస్తే మాత్రం తప్పించుకుంటాడు. "హైదరాబాద్ నుంచి అనుభవం ఉన్న మేనేజర్‌ని తెద్దాం, మనుషుల సంగతి ఆయన చూసుకుంటాడు, మనం ప్రొడక్ట్ చూసుకుందాం" అంటున్నాడు. నేను ఒప్పుకోవట్లేదు. ఇంత చిన్న టీంతోనే మాట్లాడలేని ఫౌండర్‌కి, రేపు యాభై మంది అయ్యాక వాళ్ల బాధ చెవిన కూడా పడదు. మీరేమంటారు? మొహమాటపడకుండా చెప్పండి.

గచ్చిబౌలి_గణేశ్:
మీ పార్ట్‌నర్ చెప్పిందే కరెక్ట్ అన్నా. గూగుల్ పెట్టిన ఇద్దరూ 2001లో ఎరిక్ ష్మిట్‌ని సీఈఓగా తెచ్చుకున్నారు, కంపెనీ నడపడం ఆయనకు వచ్చు కాబట్టి. వాళ్లలో ఒకడైన లారీ పేజ్ మళ్లీ సీఈఓ అయ్యింది 2011లో. అంత పెద్ద బుర్రలే పక్కవాడి సాయం తీసుకున్నప్పుడు మనకేంటి నామోషీ? రాని పని మీద ఏళ్లు పోసే బదులు వచ్చిన పని చేసుకోవడం నయం.

పాలమూరు_పిల్లగాడు:
గణేశ్ భాయ్, ఆ గూగుల్ కథలో ఇంకో ముక్క ఉంది. 2002లో వాళ్లు ఇంజనీర్ల మీద మేనేజర్లే వద్దని తీసేసి చూశారు. కొన్ని నెలలే నడిచింది, ఖర్చుల బిల్లుల నుంచి ఇద్దరి మధ్య గొడవల దాకా అన్నీ నేరుగా లారీ పేజ్ దగ్గరికే రావడం మొదలైంది. తర్వాత 2008లో అసలు మేనేజర్ వల్ల ఉపయోగం ఉందా లేదా అని వాళ్లే లెక్కలు తీస్తే, మంచి మేనేజర్‌కి ఉండే ఎనిమిది గుణాల్లో మంచి కోచ్‌గా ఉండటం మొదట వచ్చింది, టెక్నికల్ నైపుణ్యం చివర వచ్చింది. అంటే ఇది పుట్టుకతో వచ్చే గుణమేం కాదు, రోజూ చేస్తే అబ్బే పని. ష్మిట్ వచ్చేసరికి వాళ్ల దగ్గర వందల మంది ఉన్నారు, ఈ అన్న దగ్గర పది మంది కూడా లేరు.

మా దిక్కు గుంపు మేస్త్రీలను చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఊర్లో అడ్వాన్సులిచ్చి డ్యాములకూ కాలువలకూ దేశమంతా జనాన్ని తీసుకుపోయేవాళ్లు. ఆ పద్ధతిని నేను పొగడట్లేదు, అడ్వాన్సు పేరుతో ఎంతమందిని కట్టిపడేశారో పాలమూరులో అందరికీ తెలుసు. కానీ మా పెద్దోళ్లు మళ్లీ ఏ మేస్త్రీ వెంట పోయేవాళ్లంటే, అందరి ముందు లెక్క తేల్చేటోడి వెంట, పిల్లకు జరమొస్తే పని ఆపి దవాఖానకు పంపేటోడి వెంట. ఆ నమ్మకం మేస్త్రీ మీదనే, ఆయన పెట్టిన గుమాస్తా మీద కాదు.

డెస్క్_మీద_చాయ్:
ఫౌండర్లే మాట్లాడుతున్నారు, జీతం తీసుకునేదాన్ని నేను కూడా ఒక మాట చెప్తా. ఇంతకుముందు నేను చేసిన చిన్న కంపెనీలో జీతం లేటయితే మేనేజర్ "రేపు వస్తుంది" అనేవారు, ఆయనకూ నిజం తెలియదు పాపం. ఫౌండర్ పక్క గదిలోనే ఉండి కూడా బయటికి వచ్చేవారు కాదు. ఇంట్లో ఈఎంఐ తేదీ ముంచుకొస్తుంటే ఎంత టెన్షనో మీకు తెలుసా? "మిల్లు నుంచి డబ్బు రాలేదు, పదిహేనో తారీఖు అవుతుంది" అని మొహం మీద చెప్తే ఎవరినో అడిగి సర్దుకుంటాం. ఇంకోటి, తప్పు చేస్తే వాట్సాప్ గ్రూపులో అందరి ముందు అనకండి. మెచ్చుకోవడం గ్రూపులో, దిద్దడం పక్కకు పిలిచి. ఈ రెండూ చేసే ఫౌండర్ దగ్గర జీతం కొంచెం తక్కువైనా నేనుంటాను.

గచ్చిబౌలి_గణేశ్:
అక్కా, మీరన్నది న్యాయమే. కానీ అందరూ మారతారా? ఊబర్‌లో 2017 ఫిబ్రవరిలో సుసాన్ ఫౌలర్ అనే ఇంజనీర్ అక్కడి వేధింపుల గురించి బయటపెట్టింది, జూన్‌కల్లా ఫౌండర్ ట్రావిస్ కలానిక్ సీఈఓ పదవి వదులుకోవాల్సి వచ్చింది. దుడుకు మనిషిని పట్టుకుని "నువ్వే నడిపించు, నేర్చుకుంటావులే" అంటే నేర్చుకునేలోపు నలిగేది ఉద్యోగులే.

చిటికి_దారం:
నాది పోచంపల్లి, మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి. ఇక్కత్‌లో చిటికి కట్టేటప్పుడు, అంటే రంగు అంటకూడని చోట దారానికి ముడులు వేసేటప్పుడు, జరిగిన తప్పు రంగు వేసి, మగ్గమెక్కి, డిజైన్ కదిలిపోయాక గానీ కనపడదు. తిట్టే మాస్టర్ వీవర్ దగ్గర పనివాళ్లు అనుమానం వచ్చినా నోరు విప్పరు. "ఇక్కడ దారం జారినట్టుంది, చూడన్నా" అని ముందే చెప్పగలిగే ఇంట్లోనే నష్టం ఆగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో బగ్గులూ ఇట్లాగే దాస్తారు కదా?

చింతకింది మల్లేశం గారిని కూడా గుర్తు చేసుకోండి. చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూసి తట్టుకోలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. పక్క మనిషి కష్టం కళ్లారా చూడటం వల్లే కదా ఆ యంత్రం పుట్టింది! మీ పార్ట్‌నర్ మనుషులను మేనేజర్‌కి అప్పగిస్తే ఆ చూపు కూడా పోతుంది.

నల్లగొండ_బత్తాయి:
అందరికీ థాంక్స్. గణేశ్ తమ్ముడూ, నోటి దురుసు ఉన్నవాడి విషయంలో నీ మాట ఒప్పుకుంటా. కానీ మావాడు దుడుకు కాదు, మాట్లాడటానికి జంకుతాడంతే. దానికి మందు మేనేజర్ కాదు. ప్రతి శుక్రవారం ఒక్కొక్కరితో అరగంట వాడే కూర్చోవాలని, మొదట్లో నేనూ పక్కనే ఉంటానని ఇవాళ చెప్పాను. సరేనన్నాడు. సెలవులు, హాజరు, కాగితాలు చూడటానికి నల్లగొండలోనే పార్ట్‌టైమ్‌గా ఒకరిని పెట్టుకుంటాం. జీతం లేటయితే ఆ సంగతి మేమిద్దరమే చెప్తాం. ఒకటి మాత్రం తేలలేదు: పని అస్సలు రాని కుర్రాణ్ణి తీసేయాల్సి వస్తే, ఊరి నుంచి మా నాన్న మాట మీద వచ్చినవాడు, ఆ మాట వాడితో ఎలా చెప్పాలి? ఇక్కడ ఎవరైనా చేసినవాళ్లుంటే రాయండి.