ఫారం నుంచి తెస్తున్న పన్నెండు లేయర్ కోళ్లకు గూడు ఎలా కట్టాలి?

మామిడిచెట్టు_ఇల్లు:

మాది శామీర్‌పేట దాటాక సొంత ఇల్లు. వెనక రెండు గుంటల ఖాళీ జాగా ఉంది. దగ్గర్లోని లేయర్ ఫారంలో, అంటే గుడ్ల కోసం పెంచే కోళ్ల ఫారంలో, పాత బ్యాచ్ తీసేస్తున్నారని తెలిసి, లారీ ఎక్కించే ముందు పన్నెండు కోళ్లు మాకు ఇవ్వమని అడిగాం. సూపర్‌వైజర్ నవ్వాడు గానీ కిలో లెక్కన ఇస్తానన్నాడు. కోసుకోవడానికి కాదు, బతికినన్నాళ్లు పెంచుకోవడానికే. మా అత్తమ్మ మాత్రం "గుడ్లు తగ్గిన కోళ్లకు ఇల్లు కట్టేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా" అంటోంది.

ఆన్‌లైన్‌లో రెడీమేడ్ చెక్క గూడు ఒకటి చూశాం. చిన్న నిచ్చెన, పైన పడుకునే గది. పిల్లలకు తెగ నచ్చింది. కొనొచ్చా? ఇక్కడ ముంగిసలు తిరుగుతాయి, రాత్రయితే వీధి కుక్కలు. అదే టెన్షన్.

కొబ్బరితోట_అనపర్తి:

ఆ చెక్క గూడు వద్దమ్మా. మన వానలకు ఉబ్బిపోతుంది, సందుల్లో పేలు చేరితే వదిలించడం మీ తరం కాదు. పైగా నిచ్చెనెక్కే కోళ్లు కావు మీకు వచ్చేవి. నేను లేయర్ షెడ్లలో చాలా ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు ఇలాంటి కోళ్లే కొన్ని మా తోటలో ఉన్నాయి. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అవి బీవీ 300 రకం అయ్యుంటాయి. ఏడాదికి మూడొందల పైచిలుకు గుడ్లు పెట్టిన ఒళ్లు. ఒక్కో పెంకుకు దాదాపు రెండు గ్రాముల కాల్షియం కావాలి, మేతలో చాలనిది ఎముకల్లోంచే పోతుంది. అది చాలదన్నట్టు ఏ4 కాగితమంత చోటు కూడా దక్కని కేజ్‌లో, వాలుగా ఉండే తీగల మీద ఏడాదికి పైగా నిలబడి ఉంటాయి. ఎముక గుల్లబారి ఉంటుంది. షెడ్డు కుర్రాళ్లు చేతికి నాలుగేసి కాళ్లు పట్టుకుని తలకిందులుగా తెస్తారు, కాళ్లూ రెక్కలూ విరిగేది అక్కడే. మీ పన్నెండింటినీ మీరే దగ్గరుండి, రెండు చేతులతో రెక్కలు ఒంటికి అదిమి ఎత్తించండి. తెల్లవారుజామున తెచ్చుకుంటే ఎండ దెబ్బ ఉండదు.

పన్నెండింటికి 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గూడు హాయిగా సరిపోతుంది. మీరు లోపల నిలబడి ఊడ్చుకునేంత ఎత్తు ఉంచండి. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలిదాకా కొట్టదు. అడుగున కడప బండలు పరిచి, చుట్టూ అడుగున్నర ఇటుక గోడ లేపి, ఆ పైన వెల్డ్ మెష్ బిగించండి, అర అంగుళం కన్నుది. షాపులో ఆరు మూలల చికెన్ మెష్ చవకని చూపిస్తారు. దాంతో కోళ్లు బయటికి రావు, నిజమే, కానీ కుక్క పళ్లతో లాగితే ఊడొస్తుంది. తలుపు కింద సందు ఉండకూడదు. గడియతో పాటు తాళం కూడా వేయండి. ముంగిసకు కాదు లెండి, పండగల ముందు రెండు కాళ్ల ముంగిసలు కూడా వస్తాయి.

లోపల కూర్చునే కర్ర అడుగు ఎత్తు మించొద్దు. పైనుంచి దూకితే కాలు పోతుంది. రెండంగుళాల మందం సరుగుడు కర్ర, బెరడు తీసి నున్నగా చేసినది చాలు. ఒక్కోదానికి ఎనిమిది అంగుళాల లెక్కన మీ గూడు పొడవంతా ఒక్క కర్రే సరిపోతుంది. మొదట్లో అవి దాన్ని పట్టించుకోవు, మూల చేరి ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. అందుకే నేల మీద నాలుగంగుళాల ఊక ఉండాలి, తడిసిన చోటల్లా తీసి కొత్తది వేయాలి. గుడ్లకు మామిడికాయల ప్లాస్టిక్ క్రేట్లు మూడు నేల మీదే పెట్టి వరిగడ్డి వేయండి.

చీకటి పడితే లోపలికి పోవాలని వాటికి తెలియదు. షెడ్డులో రోజుకు పదహారు గంటలు వెలుతురులో ఉన్నాయి మరి. కొన్ని వారాలు సాయంత్రం మీరే ఒక్కోదాన్ని ఎత్తి లోపల పెట్టాలి. షెడ్డులో నీళ్ల పైపుకుండే నిపుల్ పొడిచి తాగిన కోళ్లు కాబట్టి గిన్నె ఎదుట దాహంతో నిలబడిపోతాయి. ముక్కు నీళ్లలో కాస్త తడపండి, ఒకటి తాగితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. ముక్కు చివర కోసేసి ఉంటుంది, నేల మీద చల్లిన నూకలు ఏరుకోలేవు, మేత లోతైన పళ్లెంలో పెట్టండి.

నాటుకోడి_రాజు:

మా ఇంట్లో కోళ్లకు ఎప్పుడూ ఇంత హంగామా లేదండీ. రాత్రికి గంప కింద మూసి పైన రాయి పెట్టేవాళ్లం. పగలు వదిలేస్తే అవే తిరిగి నేర్చుకుంటాయి.

కొబ్బరితోట_అనపర్తి:

నాటుకోడికి గంప చాలు రాజు గారూ, కాదనను. గద్ద నీడ పడితే అది తుప్పల్లో దూరుతుంది, కుక్క వస్తే గోడెక్కుతుంది. ఈ కోళ్లు పుట్టాక ఆకాశం చూడలేదు. ఎగరలేవు, పరిగెత్తినా పది అడుగులకే ఆయాసపడతాయి. కాబట్టి పగలు తిరిగే చోటుకు కూడా చుట్టూ, పైనా వల ఉండాలి. ముంగిస కిందనుంచి తవ్వుతుంది. దానికి మెష్‌ను నేల మీద బయటివైపు అడుగున్నర పరిచి మట్టి కప్పేస్తే చాలు. గోడ పక్కనే తవ్వబోతే తీగ తగులుతుంది.

వెటర్నరీ_ఫైనలియర్:

రెండు మాటలు కలుపుతాను. ఫారంలో ఏ టీకాలు ఎప్పుడు వేశారో అడిగి రాసుకోండి అక్కా. మీ దగ్గరో పక్కింట్లోనో నాటు కోళ్లు ఉంటే మూడు వారాలు కలవనివ్వకండి, వాటికి కొక్కెర తెగులు టీకా వేయించారో లేదో చూడండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా. ఒకేసారి రెండు మూడు చనిపోతే ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి.

మేత ఒక్కసారిగా మార్చొద్దు. కొన్నాళ్లు లేయర్ మేతే పెట్టి, షెల్ గ్రిట్ (గవ్వల నూక) వేరే గిన్నెలో ఉంచండి. లైటు గంటలు తగ్గగానే గుడ్లు ఆపేసి ఈకలు రాలుస్తాయి. జబ్బని భయపడకండి. కడుపు ఉబ్బి, నిలువుగా బాతులా నడిస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి.

మామిడిచెట్టు_ఇల్లు:

అందరికీ థాంక్స్. చెక్క గూడు క్యాన్సిల్, పిల్లలు అలిగారు. మామిడి చెట్టు కింద కట్టొచ్చా? మే నెలలో ఇక్కడ రేకుల కింద మనుషులే ఉండలేరు. అత్తమ్మ ఫొటోలో కోళ్ల ఈకలూడిన మెడలు చూసి, డిసెంబరు చలికి ఎలా తట్టుకుంటాయని అడిగింది.

కొబ్బరితోట_అనపర్తి:

చెట్టు నీడ మంచిదే, కానీ గూడు మీద వాలిన కొమ్మలు కొట్టించండి, పిల్లులూ పాములూ వాటి మీదుగానే దిగుతాయి. రేకు మీద తాటాకు కప్పి, వేసవిలో మధ్యాహ్నం మెష్‌కు తడి గోనెసంచులు కట్టండి. నీళ్లు మట్టి పాత్రలో, నీడలో. చలికాలం అవే సంచులు పొడివి ఉత్తరం వైపు కట్టి, పైన జానెడు ఖాళీ వదలండి. పూర్తిగా మూస్తే రెట్ట ఘాటుకు కళ్లు పోతాయి. ఈకలు వచ్చేదాకా ఎర్రటి ఎండలో కూడా వదలకండి, బోసి వీపు కమిలిపోతుంది.

మామిడిచెట్టు_ఇల్లు:

ఇప్పుడే ఫోన్ వచ్చింది, లారీ గురువారమే అట! గూడు అప్పటికి కాదు. కారు షెడ్డులో ఉంచొచ్చా? మూడు వైపులా గోడ ఉంది, ముందు గేటు ఊచలది.

కొబ్బరితోట_అనపర్తి:

ఉంచొచ్చు. గేటుకు లోపలివైపు, కింది నుంచి పైదాకా ఆ వెల్డ్ మెష్ కట్టేయండి, ఎలాగూ కొంటున్నారు. నేల మీద ఆయిల్ మరకలు కడిగి, ఆరాక ఊక వేయండి. రెండు బస్తాలు ఈ రోజే తెప్పించుకోండి. కారు వీధిలో పెట్టుకోవాలి మరి.