ఇఫ్ పక్కన విల్ రాకూడదంటారు కదా, మరి ఈ మెయిల్ సంగతేంటి?

తెనాలి ట్యూషన్ టీచర్:

సాయంత్రాలు ఇంట్లోనే టెన్త్, ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ గ్రామర్ చెబుతుంటాను. కండిషనల్స్ (షరతు వాక్యాలు) మొదలుపెట్టినప్పుడు అందరూ చెప్పే సూత్రమే నేనూ చెప్పాను: ఇఫ్ ఉన్న క్లాజులో విల్ రాదు. "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, వుయ్ విల్ క్యాన్సిల్ ద మ్యాచ్" అనాలి, "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అనకూడదు. పిల్లలు బాగానే అప్పజెబుతున్నారు.

మొన్న ఒక ఇంటర్ అమ్మాయి ఫోన్‌లో ఒక మెయిల్ చూపించింది. వాళ్ళన్నయ్య ఎమ్మెస్‌కి డబ్లిన్ వెళ్తున్నాడట, అక్కడ గది అద్దెకిస్తున్న ఆవిడ రాసింది. అందులో రెండు వాక్యాలు ఇవి: "ఇఫ్ యు విల్ సెండ్ మి యువర్ ఫ్లైట్ డీటెయిల్స్, ఐ విల్ పిక్ యు అప్." కింద ఇంకోటి: "ఐ డోంట్ నో ఇఫ్ ద హీటింగ్ విల్ బి ఫిక్స్‌డ్ బై దెన్."

"టీచర్, రెండు చోట్లా ఇఫ్ ఉంది, రెండు చోట్లా విల్ ఉంది. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లిషే మాట్లాడే ఆవిడకు గ్రామర్ రాదా?" అని అడిగింది. రేపు చెబుతానన్నాను. మా పిల్లల్లో సగం మంది ఎనిమిదో తరగతి దాకా తెలుగు మీడియం. జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని పట్టికలు వేసి చూపిస్తే బుర్ర ఊపుతారు, సొంతంగా వాక్యం రాయమంటే పెన్ను కదలదు. వాళ్ళకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

పాత లెక్చరర్, కాకినాడ:

అమ్మా, ఆవిడ రాసిన రెండూ చక్కటి వాక్యాలే. మీ సూత్రం కూడా సరైనదే. కాకపోతే మనవాళ్ళు దాన్ని ఇఫ్ అనే మాటకు కట్టేసి చెబుతారు. ఆ క్లాజు వాక్యంలో ఏం పని చేస్తోందో దానికి కట్టి చెప్పాలి. అందుకు మీ పిల్లల దగ్గర మంచి సాధనమే ఉంది. అది తెలుగు. ఇంగ్లిష్ మీడియం మోజులో పడి దాన్ని క్లాసు బయట వదిలేసి రమ్మంటున్నాం.

వాక్యం రాసే ముందు తెలుగులో చెప్పించండి. ఇంగ్లిష్‌లో ఇఫ్ ఒక్కటే గానీ మనకు మూడున్నాయి: వస్తే, వస్తాడో రాడో, వస్తానంటే.

మొదటిది "వస్తే". వస్తే చెబుతాను, వస్తే చెప్పాను, వస్తే చెప్పేదాన్ని. మూడింట్లోనూ "వస్తే" ఇసుమంత మారలేదు. రేపటి సంగతో నిన్నటి సంగతో చెప్పే పని చివరి క్రియ చూసుకుంటోంది. షరతు చెప్పే ఇఫ్ క్లాజులో ఇంగ్లిష్ వాడు విల్ పెట్టకపోవడమూ ఇలాంటిదే. రేపటి సంగతని అసలు వాక్యంలోని విల్ చెప్పేసింది, ఇక్కడ మళ్ళీ అక్కర్లేదు. వెన్, అంటిల్, బిఫోర్, యాజ్ సూన్ యాజ్, అన్‌లెస్ కూడా ఇదే దారి. అన్నట్టు, అన్‌లెస్ అంటే "వస్తే తప్ప" అని చెప్పించండి. "అన్‌లెస్ యు డోంట్ కమ్" అని రాసే జబ్బు సగం పోతుంది.

రెండోది "వస్తాడో రాడో". దీనికి కాలం ఉంది చూడండి: వచ్చాడో లేదో, వస్తాడో రాడో. అందుకే ఇంగ్లిష్‌లోనూ విల్ దర్జాగా వస్తుంది. హీటింగ్ వాక్యం ఇదే: అప్పటికి బాగవుతుందో లేదో తెలియదు అంటోంది ఆవిడ. ఇఫ్ తీసేసి వెదర్ (whether) పెట్టినా వాక్యం చెడదు. వెన్ సంగతీ అంతే. "వచ్చినప్పుడు చెబుతాను" అయితే "వెన్ హి కమ్స్", "ఎప్పుడు వస్తాడో తెలియదు" అయితే "వెన్ హి విల్ కమ్".

మూడోది నాకు బాగా ఇష్టమైనది, "వస్తానంటే". ఆవిడ మొదటి వాక్యాన్ని తెలుగు చేయండి: మీరు ఫ్లైట్ వివరాలు పంపుతానంటే నేనొచ్చి తీసుకెళ్తాను. ఇక్కడ విల్ భవిష్యత్తు గురించి కాదు, అవతలి మనిషి సుముఖత గురించి. పాత ఇంగ్లిష్‌లో విల్ అంటే కోరుకోవడమే. ఆస్తి పంచుతూ మన పెద్దలు రాసే విల్లులో ఉన్నదీ ఆ విల్లే. విల్ బదులు వుడ్ పెడితే మర్యాద ఇంకాస్త పెరుగుతుంది: "ఇఫ్ యు వుడ్ సెండ్ మి". ఇదే రూపం మొండితనానికీ పనికొస్తుంది. "ఇఫ్ యు విల్ ఈట్ ఐస్‌క్రీమ్ ఎట్ మిడ్‌నైట్" అని విల్‌ను ఒత్తి పలికితే, అర్ధరాత్రి ఐస్‌క్రీమ్ తింటానంటే జలుబు చేయదా మరి, అని మందలించడం.

ఇప్పుడు వాన వాక్యానికి రండి. "రేపు వాన వస్తానంటే మ్యాచ్ రద్దు చేస్తాం" అని ఎవరైనా అంటారా? వానకు సుముఖత ఏమిటి? అందుకే "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అక్కడ కుదరదు. ఈ ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి, మిగతాది పిల్లలే నవ్వుకుంటూ తేల్చుకుంటారు.

నైట్ షిఫ్ట్, గచ్చిబౌలి:

సార్, వస్తానంటే పాయింట్ అదిరింది. ఇంకో గొడవ కూడా పిల్లలకు ఇప్పుడే చెప్పేస్తే మంచిదండి. మా ఆఫీసులో యూకే క్లయింట్లకు మెయిల్స్ రాస్తాం. విల్ మొరటుగా ఉంటుందని మనవాళ్ళు అన్నిచోట్లా వుడ్ పెడతారు. మా టీమ్‌లో ఒకతను "ఐ వుడ్ బి ఆన్ లీవ్ టుమారో" అని రాశాడు. అవతలి నుంచి "సో ఆర్ యు ఆన్ లీవ్ ఆర్ నాట్?" అని జవాబు. వుడ్ ఒంటరిగా కనిపిస్తే వాళ్ళు షరతు కోసం వెతుక్కుంటారు: ఏం జరిగితే లీవ్‌లో ఉంటావు? లీవ్ ఖాయమైతే విల్ రాసేయడమే. "ఐ వుడ్ లైక్ టు" వేరు, అది ఎప్పటి నుంచో స్థిరపడిన మర్యాద మాట.

తెనాలి ట్యూషన్ టీచర్:

మాస్టారూ, చాలా థాంక్సండీ. అయితే థర్డ్ కండిషనల్, అదే గతంలో జరగని సంగతి చెప్పే వాక్యం కూడా తెలుగుతోనే లాగేయొచ్చా? "వుడ్ హావ్" అనగానే మా పిల్లలకు టెన్షన్.

పాత లెక్చరర్, కాకినాడ:

సగం దూరం లాగొచ్చు. మన "ఈదేవాళ్ళం" చూడండి. "చిన్నప్పుడు కాలవలో ఈదేవాళ్ళం" అంటే అలవాటు. "టైముంటే ఈదేవాళ్ళం" అంటే ఈదలేదనే. ఇంగ్లిష్ వుడ్ కూడా ఈ రెండు పనులూ చేస్తుంది. "యాజ్ కిడ్స్ వుయ్ వుడ్ స్విమ్ ఇన్ ద కెనాల్" అలవాటు, "ఇఫ్ వుయ్ హ్యాడ్ టైమ్, వుయ్ వుడ్ స్విమ్" జరగని పని. ఇంత దూరపు భాషలు రెండూ ఇలా కలవడం నాకు ఎప్పుడూ ముచ్చటే.

చిక్కు ఎక్కడంటే, "నిన్న వచ్చి ఉంటే చెప్పేదాన్ని" అనాల్సిన చోట మనం "నిన్న వస్తే చెప్పేదాన్ని" అని కూడా అనేస్తాం, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంగ్లిష్‌లో ఆ వెసులుబాటు లేదు. నిన్నటిదైతే "హ్యాడ్ కమ్", అసలు వాక్యంలో "వుడ్ హావ్ టోల్డ్". ఇప్పటిదైతే "ఇఫ్ ఐ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ టెల్". ఇక్కడ హ్యాడ్ గతం కోసం రాలేదు, ఇది నిజం కాదని చెప్పడానికి వచ్చింది. మన "టైముంటే"లో ఆ తేడా కనబడదు. కాబట్టి అభ్యాసమంతా ఇక్కడే చేయించాలి. ప్రతి వాక్యానికీ "నిన్నటిదా, ఇప్పటిదా?" అని అడగండి.

డాలస్ నాన్న:

ఇక్కడ మా ఆఫీసులో అమెరికన్లు "ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" అని అలవోకగా అనేస్తారు. అది విని మా అబ్బాయి స్కూల్ వ్యాసంలో రాస్తే టీచర్ కొట్టేసి "హ్యాడ్ నోన్" అని దిద్దారు. పలుకుబడిలో చెల్లినా రాతలో ఒప్పుకోరు. చెవికి మోసం కూడా ఉంది. "ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హావ్ కాల్డ్" అంటారు. మొదటి ఐడ్‌లో దాక్కున్నది హ్యాడ్, రెండోదాంట్లో వుడ్. వినడానికి రెండూ ఒకటే.

తెనాలి ట్యూషన్ టీచర్:

ఆఖరి ప్రశ్న. పరీక్షలో ఖాళీ పూరించమని ఇస్తే, ఈ "వస్తానంటే" విల్ రాయొచ్చా?

పాత లెక్చరర్, కాకినాడ:

వద్దమ్మా. పేపరు దిద్దేవాళ్ళ దగ్గర కీ ఉంటుంది, అందులో "ఇఫ్ యు సెండ్" అనే ఉంటుంది. అదీ ఒప్పే కాబట్టి పిల్లలకు నష్టం లేదు. వస్తానంటే సంగతి మెయిళ్ళు చదివేటప్పటికి దాచుకోమనండి.