చదువులో వెనకబడ్డ పిల్లల కోసం బడిలో టీమ్: ఎవరెవరు ఉండాలి?

ప్రశ్న:
జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఏడో తరగతిలో ఒక బాబు పాఠం మొత్తం నోటితో చెప్తాడు. రాయమంటే మాత్రం ‘కమలం’ కాస్తా ‘కలమం’ అవుతుంది. లెక్కల సార్ బద్ధకం అంటారు. ఇంగ్లిష్ మేడమ్ విడిగా చదివిస్తున్నారు. నేను కాపీ రాయిస్తున్నా. ఒకరు చేసేది ఇంకొకరికి తెలీదు. నా పాత బడిలో ఇలాంటి పాపనే పదో తరగతి దాకా నెట్టుకొచ్చాం. పరీక్షలో మినహాయింపులు ఉంటాయని గడువు దాటాకే తెలిసింది. ఆ బాధ ఇంకా పోలేదు. ఇప్పుడు హెచ్‌ఎం గారు టీమ్ పెట్టుకోమన్నారు.

జవాబు:
పెద్ద కమిటీ వద్దు మేడమ్, నలుగురు చాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలోని ఐఈఆర్‌పీని (ఆ పిల్లలకి నేర్పే రిసోర్స్ టీచర్ని) తప్పకుండా పిలవండి. మేం ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాం, పిల్లాడికో పేజీ. ఎవరు ఏం చేయించారో తేదీ వేసి రాస్తాం. శనివారం ఆఖరి పీరియడ్‌లో అదే తిరగేస్తాం.

మరో జవాబు:
జబ్బు పేరు మనం పెట్టకూడదండీ. ముందు కళ్లు, చెవులు చూపించండి. మా దగ్గర ఒక పాపకి కళ్లద్దాలు పెట్టాక సగం తప్పులు పోయాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం లాంటివి నేర్చుకోవడంలో ఇబ్బంది) కూడా ఉంది. పరీక్ష మినహాయింపులకి కావాల్సిన వైకల్య సర్టిఫికెట్ పని ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టండి, పదో తరగతి దాకా ఆగొద్దు.

ఒక తల్లి:
మీటింగులో అమ్మనీ కూర్చోబెట్టండి టీచర్ గారూ. మా వాడు రాత్రిపూట నా పక్కన పడుకుని పాఠం కథలా చెప్తాడు. ఆ సంగతి బడిలో ఎవరూ అడగలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. నోట్‌బుక్ ఈరోజే కొన్నాను. శనివారం వాళ్లమ్మకి కబురు పెడతా.